ఫెతియేలో మామయ్యగారి ఆట

స్కూలు సెలవుల్లో ఇంగ్లండ్ నుంచి ఇండియాకు నలుగురికి టికెట్లు కొనడమంటే మాటలు కాదు. ఆగస్టు రేట్లు చూస్తే కళ్లు తిరిగేవి. అందుకని పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఒక వేసవి ఇండియా, ఒక వేసవి టర్కీ అని ఒప్పందం పెట్టుకున్నాం. టర్కీయే ఎందుకంటే గొప్ప కారణమేం లేదు. బర్మింగ్‌హామ్ నుంచి దలమాన్‌కు నాలుగు గంటల్లో నేరుగా విమానం ఉంది, స్పెయిన్ కంటే చవక, ఎండకు గ్యారంటీ. ఇంగ్లండ్ నడుమ మిడ్‌లాండ్స్‌లో కాపురం ఉండేవాళ్లకు ఆ చివరిదొక్కటి చాలు.

అలా తగిలింది ఫెతియే. టర్కీకి నైరుతి మూల, ముగ్లా ప్రాంతంలో, మూడు వైపులా పైన్ చెట్ల కొండలున్న ఊరు. దలమాన్‌లో దిగి, పది పౌండ్ల నోటు చేత్తో పట్టుకుని క్యూలో నిలబడితే పాస్‌పోర్టులో వీసా స్టిక్కర్ అంటించేవాళ్లు. అక్కణ్ణుంచి గంట దారి. మేము దిగేది ఊళ్లో కాదు, నాలుగైదు కిలోమీటర్ల అవతల చాలిష్ అనే బీచ్ పక్కన, వంటగది ఉన్న చిన్న హోటల్లో. చాలిష్‌లో మెత్తటి ఇసుక ఉంటుందనుకుని వెళ్తే నిరాశే. గులకరాళ్లు. చెప్పుల్లేకుండా నీళ్లలోకి వెళ్లలేం. మధ్యాహ్నం దాటితే గాలి లేచి గొడుగులు ఎగరగొడుతుంది. కానీ సాయంత్రం పొద్దు నేరుగా సముద్రంలోకే దిగుతుంది, అందుకోసం ఊరు ఊరంతా కుర్చీలు పడమరకు తిప్పుకుని కూర్చుంటుంది. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం కాబట్టి గుడ్లున్న చోటల్లా బోనులు పెట్టి ఉండేవి. మా అమ్మాయి రోజూ పొద్దున్నే వెళ్లి వాటిని లెక్కపెట్టి వచ్చేది, ఎవరో తనకు డ్యూటీ వేసినట్టు.

2006 వేసవిలో మా అత్తయ్యగారు, మామయ్యగారు మా దగ్గరికొచ్చారు. వాళ్లది నరసరావుపేట దగ్గర పల్లె. మిరప, పత్తి వ్యవసాయం. మామయ్యగారికి ఇంగ్లండ్ ఒంటబట్టలేదు. చలి గురించి ఆయన ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆయన బాధ వేరే. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు నన్ను పిలిచి, "ఇక్కడ మనుషులు ఇళ్లలోంచి బయటికి రారా అమ్మాయ్? రచ్చబండ లాంటిదేం ఉండదా?" అన్నారు. పార్కు చూపించాను. కుక్కల్ని తిప్పుకునేవాళ్లు తప్ప ఎవరూ లేరు. వాళ్లూ "గుడ్ మార్నింగ్" అనేసి ఆగకుండా వెళ్లిపోయేవాళ్లు.

ఆ ఏడు టర్కీ వంతు. "వాళ్లనీ తీసుకెళ్దాం" అన్నారు మా ఆయన. వాళ్లిద్దరి వీసా తిప్పలు వేరే కథ, అది ఇక్కడ వద్దు. అత్తయ్యగారు సూట్‌కేసులో కుక్కర్, ఐదు కిలోల బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి సర్దారు. హాలిడే అంటే వంటింటికి సెలవు అని నేను ఊహించుకున్నదంతా ఆ సూట్‌కేసు మూత పడ్డప్పుడే పోయింది. అయినా నిజం ఒప్పుకోవాలి, సముద్రంలో ఆడి వచ్చిన పిల్లలు బాల్కనీలో కూర్చుని వేడన్నంలో గోంగూర కలుపుకుని తిన్న తిండి నాకు ఏ రెస్టారెంట్లోనూ మళ్లీ కనపడలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో పేకముక్క ఉండదు. సంక్రాంతికి కూడా ఆడరు. మామయ్యగారు వయసులో ఉన్నప్పుడు పేకాటలో ఎకరంన్నర పోగొట్టారు. అత్తయ్యగారి గాజులూ దాంట్లోనే పోయాయి. మా ఆయన అప్పుడు తొమ్మిదో తరగతి. క్లబ్బు ముందు నిలబడి "నాన్నా, అమ్మ పిలుస్తోంది" అని కేకేసేవారట, లోపలికి వెళ్లడానికి సిగ్గుపడి. ఆ తర్వాత మామయ్యగారు మానేశారు. మానేసి పాతికేళ్లయినా మా ఆయన మర్చిపోలేదు. ఇంగ్లండ్‌లో ఫ్రెండ్స్ ఇంట్లో ఎవరన్నా సరదాకి పేక తీస్తే ఈయన లేచి కార్లో కూర్చునేవారు.

చాలిష్‌లో బీచ్‌కి వెనక వీధిలో ఒక టీ తోట ఉండేది. పెద్ద చెట్టు, దానికింద నాలుగైదు బల్లలు, నడుం దగ్గర సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసుల్లో పాలు లేని టీ. మామయ్యగారు వచ్చిన మర్నాటి నుంచే సాయంత్రం పంచె కట్టుకుని అక్కడికి వెళ్లడం మొదలుపెట్టారు. మనుషులు బయట కూర్చున్నారు, అది చాలు ఆయనకు. అక్కడ రిటైరైన ఒక బస్సు డ్రైవరు, ఒక మంగలి, ఇంకో ఇద్దరు ముసలాళ్లు చేరి ఒకెయ్ ఆడేవాళ్లు. ప్లాస్టిక్ బిళ్లలతో ఆడే ఆట. ఒకటి నుంచి పదమూడు దాకా అంకెలు, నాలుగు రంగులు, ఒక్కోటి రెండేసి. పైన రెండు దొంగ జోకర్లు. మొత్తం 106 బిళ్లలు. ఒక్కొక్కరి ముందు రెండు మెట్లున్న చెక్క, దాని మీద బిళ్లలు నిలబెట్టుకుంటారు. తలా పద్నాలుగు. మొదలుపెట్టేవాడికి ఒకటి ఎక్కువ.

మొదటి సాయంత్రం ఊరికే చూశారట. రెండో సాయంత్రం కూడా చూశారు. వాళ్లు ఒక బిళ్ల తిప్పి మధ్యలో పెట్టి, అదే రంగులో దాని తర్వాతి అంకెను జోకర్‌గా వాడటం, ఒకే రంగులో వరసగా మూడు నాలుగు పేర్చడం, ఒకే అంకె వేరే రంగుల్లో జత కట్టడం, అక్కర్లేనిది పక్కవాడికి వదలడం. మూడో రోజు ఇంటికొచ్చి అత్తయ్యగారి చెవిలో అన్నారట, "ఏందో అనుకున్నా. ఇది రమ్మీయేనే!"

పదమూడు ముక్కలాటలో చెయ్యి తిరిగిన మనిషికి పద్నాలుగు ముక్కలు ఒక లెక్కా? నాలుగోవాడు రాని రోజున ఆ కుర్చీలో కూర్చున్నారు. టర్కిష్ రాదు. ఇంగ్లీషు అంతంతమాత్రం. అంకెలు అందరికీ ఒకటే కదా. వాళ్లు ఈయన్ని "హింత్లి అమ్జా" అని పిలిచేవాళ్లు, ఇండియా బాబాయ్ అని. ఈయన బిళ్లలకు తెలుగులోనే పేర్లు పెట్టి ఆడేవారు. ఎర్రేడు, నల్ల పది, నీలం రాణి. పన్నెండో నంబరు రాణి ఎట్లా అయిందని మా అమ్మాయి అడిగితే, "పన్నెండంటే రాణి కాక ఇంకేంది?" అన్నారు. ఆట ముగించినప్పుడు చెక్క కిందికి వాల్చి "షో!" అనేవారు. వారం తిరిగేసరికి ఆ మంగలి కూడా "షో!" అని అరవడం నేను నా చెవులారా విన్నాను.

బయటపడింది ఇలా. అప్పటికి ఏడాది కిందట, 2005లో, టర్కీ వాళ్లు లీరాలోంచి ఆరు సున్నాలు తీసేశారు. పది లక్షల పాత లీరాలు ఒక కొత్త లీరా. నోట్లు మారాయి గానీ జనం నోట్లో మిలియన్ పోలేదు. అర లీరా టీని "అర మిలియన్" అనే అడిగేవాళ్లు. ఒకెయ్‌లో ఓడినవాళ్లు అందరి టీకీ ఇవ్వాలి. ఒక రాత్రి భోజనాల దగ్గర మామయ్యగారు పచ్చడి నాకుతూ మామూలుగా అన్నారు:

"ఇయ్యాల రెండు మిలియన్లు పోయినయ్."

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఎక్కడ, ఎట్లా అని కూపీ లాగితే విషయం తెలిసింది. నేను గబగబా లెక్క కట్టి, "ఏవండీ, రెండు లీరాలు. పౌండు కూడా కాదు" అన్నాను. అప్పుడు పౌండుకు రెండున్నర లీరాల పైనే. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"పావలా అయినా పేకాట పేకాటే" అన్నారు.

"డబ్బులు కాదురా, టీలు."

"నువ్వు అప్పుడు కూడా టీ నీళ్లకే అన్నావు నాన్నా."

మామయ్యగారు మళ్లీ మాట్లాడలేదు. అత్తయ్యగారే తీర్పు చెప్పారు: మనవరాల్ని తోడు తీసుకెళ్లాలి. డబ్బు బల్ల మీద కనపడితే పిల్ల వచ్చి చెప్పాలి. ఎనిమిదేళ్ల పిల్లకు అంత పెద్ద ఉద్యోగం. తాబేళ్ల డ్యూటీ అయ్యాక తాతయ్య డ్యూటీ. బుద్ధిగా రోజూ వెళ్లి ఆయన పక్కన కూర్చుని, యాపిల్ టీ తాగి, ఏడింటికి ఆయన చిటికెనవేలు పట్టుకుని వెనక్కి తీసుకొచ్చేది. "డబ్బుల్లేవు నాన్నా, టీలే" అని రిపోర్టు ఇచ్చేది. ఆ కాపలాలో ఇంకేం జరుగుతోందో మాకెవ్వరికీ తట్టలేదు.

ఆ వారాల్లో మామయ్యగారు వేరే మనిషి. మంగళవారం ఫెతియే సంతకి వెళ్తే మమ్మల్ని వదిలేసి రైతుల దగ్గర చేరారు. అక్కడి టమాటా ఎక్కువగా ప్లాస్టిక్ కప్పిన గ్రీన్‌హౌసుల్లో పండుతుంది, కొండ దిగువ పొలాలన్నీ అవే. సంచిలోంచి ఎండు మిరప పలుకులు గుప్పెట్లోకి తీసుకుని, వాసన చూసి, నాలిక మీద వేసుకుని, "రంగుంది, నూనెంది, కారం లేదు" అని తేల్చేశారు. అమ్మే ఆయనకు ఏం అర్థమైందో, ఇంకో సంచి విప్పి పెట్టాడు. అదీ రుచి చూసి తల అడ్డంగా ఊపారు. మూడో సంచికి ఒప్పుకున్నారు. గుంటూరు యార్డులో ఎట్లా ఉంటారో అట్లానే.

చేపల మార్కెట్ ఫెతియే ఊరి మధ్యలో ఉంటుంది. నడుమ చేపల బల్లలు, చుట్టూ హోటళ్లు. నచ్చిన చేప కొని పక్క హోటలుకిస్తే కాల్చి పెడతారు, దానికి తలకింత అని తీసుకుంటారు. చుప్రా, లెవ్రెక్ అనే సముద్రపు చేపలు, రొయ్యలు. అక్కడ చేపల మొప్పలు బయటికి లాగి, ఎర్రగా కనపడేట్టు తిప్పి పెడతారు, తాజాదని తెలియడానికి. మామయ్యగారికి అది నచ్చలేదు. "వాడు చూపించేది వాడికి కావాల్సిందే" అని చేప వీపు మీద బొటనవేలితో నొక్కి, సొట్ట పడిందా లేదా అని చూశారు. నాలుగు చేపలు నొక్కాక అమ్మేవాడు తనే ఒకటి తీసి, నొక్కి చూపించి, ఇచ్చాడు.

సక్లికెంట్ లోయ దగ్గర పంచె ఎగ్గట్టి, మంచులాంటి నీళ్లలో అందరికంటే ముందు నడిచారు. ఫొటోలు తీసుకున్నవాళ్లలో మాకు తెలియనివాళ్లే ఎక్కువ. ఓలుదెనిజ్ గురించి చెప్పేదేం లేదు. నీలిరంగు నీళ్లు, పోస్టుకార్డుల్లో ఉన్నట్టే ఉంటుంది, పోస్టుకార్డుల్లో కనపడని జనం ఉంటారు.

ఊరి వెనక కొండలో తొలిచిన సమాధులుంటాయి. ఫెతియేని పూర్వం తెల్మెస్సోస్ అనేవాళ్లు. లిసియా అనే పాతకాలపు ప్రాంతం తాలూకు పట్నం. అన్నిటికంటే పెద్ద సమాధికి గుడి ముఖంలా రెండు స్తంభాలు, పైన త్రికోణం. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంది. ఎండలో మెట్లెక్కి ఆయాసపడుతూ పైకి వెళ్లాం. పక్క గోడ స్తంభం మీద గ్రీకులో రాసి ఉందని, "హెర్మాపియాస్ కొడుకు అమింతాస్" అని దానర్థమని మా ఆయన గైడు పుస్తకంలోంచి చదివారు. మామయ్యగారు కాసేపు ఆ రాతి వంకే చూసి, "ఇంత కొండ తొలిపించుకున్న మొనగాడు కూడా చివరికి అయ్య పేరే చెప్పుకున్నాడు చూడు" అన్నారు. ఎవర్ని ఉద్దేశించి అన్నారో అందరికీ తెలుసు. మా ఆయన పుస్తకం మూసేసి మంచినీళ్ల సీసా ఇచ్చారు.

కాయాకోయ్ మాత్రం అత్తయ్యగారిది. ఫెతియేకి దగ్గర్లోనే, కొండవాలు మీద వందల ఇళ్లు. ఒక ఇల్లు ఇంకో ఇంటి వెలుతురుకు అడ్డం రాకుండా మెట్లుమెట్లుగా కట్టినవి. దేనికీ కప్పు లేదు. గోడలు, పొయ్యి గూళ్లు, అక్కడక్కడా గోడకు అంటుకుని మిగిలిన నీలం సున్నం. రెండు పెద్ద చర్చిలు. లెవిస్సి అనే గ్రీకు క్రైస్తవుల ఊరది. యుద్ధాలయ్యాక 1923లో గ్రీసు, టర్కీ ఒప్పందం చేసుకుని మనుషుల్ని మార్చుకున్నాయి. ఇక్కడి క్రైస్తవులు అటు, అక్కడి ముస్లింలు ఇటు. ఇటొచ్చినవాళ్లు ఈ కొండమీద ఇళ్లలో నిలవలేదు. తర్వాత 1957 భూకంపం మిగిలింది కూడా పాడు చేసింది. ఆ భూకంపమే ఫెతియే ఊరిని కూడా నేలమట్టం చేసింది. ఇప్పుడు కనపడే ఊరు దాదాపు అంతా ఆ తర్వాత కట్టిందే. ఊరి పేరు కూడా అసలుది కాదు. పాతది మక్రి. ఇస్తాంబుల్ నుంచి కైరోకు ఎగురుతూ 1914లో కూలిపోయి చనిపోయిన ఫెతి బే అనే పైలట్ పేరు తర్వాత పెట్టారు. ఇటునుంచి వెళ్లిపోయినవాళ్లు ఏథెన్స్ దగ్గర నేయా మక్రి, అంటే కొత్త మక్రి, అని ఊరు కట్టుకున్నారు.

మా ఆయన ఇదంతా వివరిస్తుంటే అత్తయ్యగారు ఒక పొయ్యి గూట్లో చెయ్యి పెట్టి మసి ఉందేమో చూస్తున్నారు. విన్నారో లేదో అనుకున్నాం. వెనక్కి తిరక్కుండానే అడిగారు:

"తలుపులు తీసుకుపోనిచ్చారా?"

ఆమె పుట్టిల్లు మాచర్ల అవతల, కృష్ణ ఒడ్డున. నాగార్జునసాగర్ కట్టినప్పుడు నీళ్లలో మునిగిన ఊళ్లలో అదొకటి. వాళ్ల నాన్న ఖాళీ చేసేటప్పుడు దూలాలు, తలుపులు ఊడదీసి బండి కట్టారట. మిగతా గోడలు నీళ్లకు వదిలేశారు. తమాషా ఏంటంటే మామయ్యగారి పొలానికి నీళ్లొచ్చింది ఆ సాగర్ కుడి కాలువ నుంచే. "మా ఊరు తాగి మీ పొలం పండింది" అని అత్తయ్యగారు కోపం వచ్చినప్పుడల్లా అంటారు, నేను పెళ్లై వచ్చినప్పటి నుంచీ వింటున్నాను. ఆ రోజు అనలేదు. మామయ్యగారే ఆ గోడ దగ్గరికి వెళ్లి, "వీళ్లకి కనీసం చూసుకోడానికి గోడలన్నా ఉన్నయ్" అన్నారు.

మామయ్యగారు 2013లో పోయారు. తర్వాత పిల్లల పరీక్షలు, యూనివర్సిటీలు, ఉద్యోగాలు. టర్కీ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఎవరి ఊరు వాళ్లది. మా అబ్బాయి ఇప్పుడు కెనడాలో ఉంటాడు. వాడికి ఫెతియే అంటే ఐస్‌క్రీం వాడు. పొడుగాటి ఇనుప కడ్డీతో ఐస్‌క్రీం ఇచ్చినట్టే ఇచ్చి లాగేసుకునే వాడు ఉంటాడు కదా, వాడి దగ్గర ఏడ్చాడు. మా ఆయనకు పన్నెండు దీవుల పడవ ప్రయాణం. నాకు ఆ బాల్కనీ. మేమంతా ఒకే చోటికి వెళ్లి వచ్చాం అనడానికి ఫొటోలు తప్ప సాక్ష్యం లేదు.

2024 సెప్టెంబర్‌లో మా అమ్మాయే టికెట్లు బుక్ చేసింది, ముగ్గురికి. "తాతయ్య బల్ల చూడాలి" అంది. వీసా స్టిక్కర్లు లేవు, 2020 నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టుకు ఆ పది పౌండ్ల పని లేదు. ఆదా అయిన ఆ పది పౌండ్లు మొదటి భోజనంలోనే పోయాయి. పౌండుకు నలభై లీరాలు దాటాయని సంబరపడి దిగాం. ధరలు అంతకంటే ముందు పరుగెత్తాయి. 2022లో ఆ దేశంలో ధరల పెరుగుదల ప్రభుత్వ లెక్కల్లోనే 85 శాతం దాటింది. చాలా హోటళ్లలో అట్ట మెనూలే లేవు, ఫోన్‌లో స్కాన్ చేసుకోవడమే. ధర రోజూ మారుతుంటే అట్ట మీద ఎవరు అచ్చు వేస్తారు? వడ్డించే కుర్రాడే చెప్పాడు, వాళ్లకు అద్దె కట్టడమే గగనంగా ఉందని. మేము రేట్ల గురించి గొణగడం ఆపేశాం.

చాలిష్ బీచ్ అలాగే ఉంది. రాళ్లు కూడా. తాబేళ్ల బోనులు చూసి మా అమ్మాయి ఇరవయ్యారేళ్ల వయసులో మళ్లీ లెక్కపెట్టింది. మేము దిగిన హోటల్ ఉంది గానీ ఆ బాల్కనీకి అద్దాలు బిగించి గదిలో కలిపేశారు. టీ తోట లేదు. చెట్టుతో సహా లేదు. అక్కడ నాలుగంతస్తుల ఫ్లాట్లు, ముందు నీళ్ల కొలను. గేటు దగ్గర నిలబడి మా ఆయన అటూ ఇటూ చూసి, "ఇదే వీధా?" అని రెండుసార్లు అడిగారు. ఇదే వీధి. మలుపులో ఉన్న బేకరీ అదే.

బాబాదా కొండ మీదికి 2021 నుంచి కేబుల్ కారు ఉంది. 1,969 మీటర్ల ఆ కొండ మీంచి మా అమ్మాయి పారాచూట్ కట్టుకుని దూకింది. నేను కింద టెన్షన్‌తో రెండు ప్లేట్ల గోజ్లెమె రొట్టెలు తిన్నాను. కాయాకోయ్ నుంచి అత్తయ్యగారికి వీడియో కాల్ చేశాం. నరసరావుపేటలో మంచం మీద కూర్చుని ఫోన్ ముక్కుకి ఆనించుకుని చూశారు. "ఆ ఇళ్లు ఇంకా అట్టానే ఉన్నయ్యా?" అన్నారు. ఉన్నాయన్నాం. ఇప్పుడు టికెట్ పెట్టి చూపిస్తున్నారని చెబితే, "ఎవరికి పోతయ్ డబ్బులు?" అన్నారు. ఆమె ప్రశ్నలకు మా ఆయన దగ్గర ఎప్పుడూ జవాబుండదు.

చివరి సాయంత్రం చాలిష్ నుంచి పడవెక్కి ఫెతియే రేవులో దిగాం. నీళ్ల ఒడ్డునే టీ తోటలున్నాయి. బిళ్లలు కలిపే చప్పుడు ముందు మా అమ్మాయికే వినపడింది. ఒక బల్ల దగ్గర ముగ్గురే ఉన్నారు. భార్యాభర్తల్లా ఉన్న ముసలివాళ్లు, ఇంకో పెద్దాయన. ఖాళీ చెక్క ముందు పెట్టుకుని నాలుగో మనిషి కోసం ఎదురుచూస్తున్నారు. ఇది వెళ్లి కుర్చీ వెనక నిలబడింది. ఆ పెద్దావిడ ఆట వచ్చా అన్నట్టు చేత్తో అడిగింది. ఇది తలూపి కూర్చుంది.

"నీకెట్లా వచ్చే?" అన్నాను.

"తాతయ్య నేర్పించారు. పద్నాలుగు ముక్కలు చేతికి ఇచ్చి, నువ్వు పేర్చు తల్లీ, నాకు కళ్లు ఆనట్లేదు అనేవారు. కళ్లు బానే ఉండేవి."

మా ఆయన ఏమంటారో అని నేను చూస్తున్నాను. లేచి కార్లో కూర్చోడానికి కారు లేదు. కాసేపు సముద్రం వైపు చూశారు. తర్వాత కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నారు. ఇంకాసేపటికి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, దాని భుజం మీంచి చెక్క వైపు వంగారు. అది రెండు మెట్ల మీదా బిళ్లలు పేర్చింది. నీలం మూడు, నాలుగు, ఐదు. పదకొండ్లు మూడు రంగుల్లో. ఒక చివర ఎర్ర ఎనిమిది, తొమ్మిది. వదలడానికి ఏదా అని దాని వేలు వాటి మీద ఆడుతోంది.

"ఎర్ర తొమ్మిది వదలకు" అన్నారు మా ఆయన.

అప్పటికే వదిలేసింది. కుడిపక్కనున్న పెద్దావిడ దాన్ని తీసుకుని, తన వరసలో ఇరికించి, చెక్క వాల్చేసింది. ఆట అయిపోయింది.

మా అమ్మాయి ఆట సంగతి మర్చిపోయి వెనక్కి తిరిగింది. "నాన్నా! నీకెట్లా తెలుసు?"

"గుంటూరు జిల్లాలో పుట్టా" అన్నారు.

టీలకు ఆయనే ఇచ్చారు, మా ముగ్గురివి కూడా కలిపి. ఇంకో రెండు ఆటలు ఆడి అది రెండూ ఓడింది, మళ్లీ ఆయనే ఇచ్చారు. పడవ టైము దాటిపోవడంతో దోల్ముష్ అనే చిన్న బస్సు ఎక్కాం. కూర్చోడానికి చోటు లేదు. పై కడ్డీ పట్టుకుని వేలాడుతూ, చాలిష్ వచ్చేదాకా ఆయన దానికి ఒకటే క్లాసు: జత రాని పసుపు రెండు పట్టుకుని అంతసేపు ఎందుకు కూర్చున్నావు, ఎదుటాయన ముందే నల్ల ఆరు వదిలాడు కదా, అప్పుడే తెలియద్దూ ఆయన చేతిలో ఏముందో!